మొండయ్య కట్టిన వరుస

ఆదిలాబాద్ గంజ్ మార్కెట్ ముందు పెండ్లి ఊరేగింపును ఆపి, పెండ్లికొడుకు మేనమామ గద్దించాడు. "గీ పాత పాటలు సాలు. ఇచ్చోడ బ్యాండోళ్లు వాయిస్తరు సూడు, గా కొత్త సినిమా పాట కొట్టుండ్రి."

ఆయన కూనిరాగం తీయగానే బ్యాండు మేస్త్రి మొండయ్యకు ఒళ్లు మండింది. అది సినిమాది కాదు, నిరుడు తాను కట్టిన వరుస. అప్పుడు ఇంకో పెండ్లిలో వాయిస్తుంటే, సినిమాది కాదనగానే బంద్ చేయించింది ఈయనే.

మొండయ్య క్లారినెట్ ఎత్తి ప్రాణం పెట్టి వాయించాడు.

"థూ!" అన్నాడు మేనమామ. "నడుమల గట్ల సాగదీస్తవేంది? మంచి పాటను ఖరాబ్ చేస్తున్నవ్. ఇచ్చోడోళ్లను సూసి నేర్సుకో."

డోలు పోశం గొణిగాడు. "మొండన్నా, నీదేనని జెప్పరాదు?"

"జెప్తే మల్ల బంద్ జేపిస్తడు."

ఈసారి ఆ సాగదీత ఎగ్గొట్టి వాయించాడు. జనం ఈలలేసి ఎగిరారు.

పాటయ్యాక, ఎవడో ఎంగిలి చేసినట్టు, క్లారినెట్ పీకను కండువాతో తుడిచాడు మొండయ్య. మళ్లీ తుడిచాడు.