తిప్పి చూడని పిస్తోలు

"ఇది చూడండి మేడమ్, మీ హ్యాండ్‌బ్యాగులో ఇట్టే ఇమిడిపోతుంది."

తుపాకుల షాపు యజమాని గస్ అద్దాల బల్ల మీద గులాబీ రంగు పిడి ఉన్న బుల్లి పిస్తోలు పెట్టాడు.

లోర్నాకు ఒళ్ళు మండింది. ఈ నెలలో ఇది నాలుగో షాపు. నాలుగింట్లోనూ అదే గులాబీ రంగు.

"నేను స్కూలు బస్సు నడుపుతాను. నాకు హ్యాండ్‌బ్యాగే లేదు. నైన్‌టీన్ లెవెన్ పిస్తోలు కావాలి. పాతకాలం నమూనాది, ఇనుముది. ఆరువందల డాలర్లు దాటకూడదు. ఇందులో నీకు అర్థం కానిదేముంది?"

"అది మీ చేతికి బరువేమోనని..."

"మంచులో నలభై మంది పిల్లల్ని తిప్పే చేతులివి. ముందు అది తీసి లోపల పెట్టు!"

పై ఆదివారం క్లబ్బులో పాత నమూనా పిస్తోళ్ళ పోటీ. కొత్త నమూనాలు తెస్తే గేటు దగ్గరే ఆపేస్తారు. ఆ క్లబ్బు గోడ మీద, గెలిచినవాళ్ళ చెక్క పలకలో ఆమె తండ్రి స్టాన్లీ పేరు మూడుసార్లు ఉంది. ఒక్కసారైనా ఆ పలక కింద నిలబడి, ఆయన పట్టినటువంటి పిస్తోలుతో గురిచూసి కాల్చాలని లోర్నా పట్టుదల.

ఆయనదే ఇంట్లో ఉంటే ఈ తిరుగుడు ఎందుకు? ఉక్కు మిల్లు మూతపడ్డ ఏడాది, ఆయన మంచాన ఉండగా, అమ్మ దాన్ని అమ్మేసింది. టోపీ పెట్టుకున్న మనిషెవడో వానలో వచ్చి, తువాలులో చుట్టి పట్టుకుపోయాడు. పదకొండేళ్ళ లోర్నా తలుపు వెనక నిలబడి ఏడుస్తూ అతణ్ణి నోటికొచ్చినట్టు తిట్టుకుంది. నలభై ఏళ్ళయినా ఆ తిట్లు ఆగలేదు.

"అమ్మాయ్, అడుగు అరలోది చూడు."

మూలన స్టూలు మీద ఓ ముసలాయన. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, ఒళ్ళో కాఫీ ఫ్లాస్కు.

"యాభై దాటినదాన్ని. అమ్మాయ్ ఏంటి?"

"సరేనమ్మా. అడుగు అర, ఆ చివర్న. ఐదువందలే."

లోర్నా ఓ చూపు విసిరింది. రంగు వెలిసిపోయి, పిడి అరిగిపోయి ఉంది. పై అరలో మాత్రం అదే పాత నమూనాలో విదేశాల్లో కొత్తగా చేసింది నల్లగా నిగనిగలాడుతోంది. ఐదువందల అరవై.

"ఆ కొత్తదొద్దు. పై మెరుపే. తూటాలు ఇరుక్కుంటాయి."

"మీరిక్కడ పనిచేస్తారా?"

"లేదు."

"గస్, ఆ పాతది ఎవరిది?"

గస్ నీళ్ళు నమిలాడు. "ఈ ఎమిల్ గారిదే... అమ్మిపెట్టమని ఇచ్చారు."

"అదీ సంగతి! తన సరుకు నాకంటగట్టడానికా ఇంత ప్రేమ?"

ముసలాయన ముఖం చిన్నబోయింది. "కొనకపోయినా ఫర్వాలేదు. ఒక్కసారి చేతిలోకి తీసుకుని అటు తిప్పి చూడు. అంతే."

"ఏం కొనాలో నాకు చెప్పని మగాడు ఈ ఊళ్ళో ఒక్కడూ లేడా?"

షాపంతా తల తిప్పి చూసింది. ముసలాయన ఏదో చెప్పబోయాడు గానీ దగ్గు అడ్డం వచ్చింది. లోర్నా ఆగలేదు. కాగితాలు నింపింది, డబ్బు కట్టింది, కొత్త పిస్తోలు పట్టుకుని వెళ్ళిపోయింది.

వారమంతా ప్రాక్టీసు. మూడు తూటాలు పేలితే నాలుగోది ఇరుక్కునేది. పక్కన కాల్చేవాళ్ళు జాలిగా చూస్తుంటే ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

పోటీకి ముందురోజు మళ్ళీ షాపుకొచ్చింది. గడప దాటిన తుపాకీ వెనక్కి తీసుకునేది లేదని గోడ మీద బోర్డు. మూలన స్టూలు ఖాళీగా ఉంది.

"మీ ఉచిత సలహాల పెద్దాయన ఏడీ? ఆయనే గెలిచాడని చెప్దామని వచ్చా."

"మంగళవారం పోయారు మేడమ్."



గస్ అడుగు అరలోంచి పాత పిస్తోలు తీసి బల్ల మీద పెట్టాడు. "మీరొస్తే ఇదివ్వమన్నారు. మీ చేతిలోది ఇక్కడ పడేసి, ఇది పట్టుకెళ్ళమన్నారు."

ఆమె అలవాటు ప్రకారం, పిస్తోలు పైభాగాన కదిలే స్లైడును వెనక్కి లాగి, లోపల ఖాళీగా ఉందని చూసుకుంది. తర్వాత అటు తిప్పింది.

ఎడమవైపు, స్లైడును ఆపే మీట కింద, నెలవంకలా ఒక గీత. విప్పిన పిస్తోలు బిగించేటప్పుడు ఆ మీటను తొందరపడి తోస్తే పడే గీత అది. మొద్దు గీత అని నవ్వుకుంటారు అందరూ.

"ధర పడిపోతుందని అటువైపు కిందకి పెట్టాను," అన్నాడు గస్.

ఆ గీత పక్కనే, వంకరగా జారిన రెండోది కూడా ఉంది. పదేళ్ళప్పుడు, నాన్న డ్యూటీకి వెళ్ళిన పూట, వంటింటి బల్ల మీద ఆమె గీసినవే ఆ రెండూ. నాన్న తిట్టలేదు. "పోన్లే, ఇక ఎక్కడున్నా దీన్ని గుర్తుపడతాం," అన్నాడు.

"గస్, ఇది... ఇది ఆయనకెక్కడిది?"

"మిల్లు మూతపడ్డ ఏడాది స్టాన్లీ గారి భార్య దగ్గర కొన్నారట. గీతలు తన కూతురు పెట్టినవని ఆవిడే చెప్పిందట. ఆ పిల్ల తలుపు వెనకాల ఏడుస్తోందట. స్టాన్లీ గారమ్మాయి షాపులన్నీ తిరుగుతోందని తెలిసినప్పటి నుంచి ఈ స్టూలు మీదే కూర్చున్నారు."

"ఆ ముక్క నాతో చెప్పొచ్చుగా!"

"కష్టంలో ఉన్న ఇంట్లో చవగ్గా కొట్టేశానని సిగ్గు. పైగా మీరు చెప్పనిస్తేగా."

లోర్నా ఖాళీ స్టూలు వైపు చూసింది. తిట్టడానికి గానీ, దణ్ణం పెట్టడానికి గానీ అక్కడ ఎవరూ లేరు.

"ఆ గీతలు చెరిపించి రంగు వేయించమని ఎన్నిసార్లు చెప్పానో," అన్నాడు గస్, "ప్రతిసారీ ఒకటే మాట: 'అవి నావి కావురా, ఆ అమ్మాయివి' అనేవారు."