పిప్పి తొక్కే పెద్దాయన

గ్వీఫెన్ కషాయం పిప్పిని సందు మధ్యలో గుమ్మరించి తలుపు చాటున నిలబడింది.

దాన్ని ఎవరైనా తొక్కాలి. వాళ్ల కాళ్ల వెంట తన మోకాళ్ల నొప్పి సందు దాటిపోవాలి.

చైనాలోని చెంగ్డూలో ముసలివాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. చిక్కల్లా అదే. తెలిసినవాళ్లెవరూ తొక్కరు.

సైకిళ్లు కూడా పక్కకు తప్పుకుని పోయేవి. ఎదురింటి లువో గోడకు బల్లిలా అతుక్కుని నడిచేది.

"మందెంత మంచిదైతే ఏం లాభం వదినా, నీ నొప్పిని మోసే మొనగాడు దొరకద్దూ?" అనేది.

గ్వీఫెన్‌కు ఒళ్లు మండేది. చంద్రుడి పండుగనాడు చౌరస్తాలో ఆడవాళ్లంతా నాట్యం చేస్తారు. ముందు వరుసలో చోటు ఎప్పుడూ తనదే. ఈసారి కాళ్లు లేవకపోతే అది లువోకు పోతుంది.

రెండు పేటల అవతల, తను కొత్తగా వెళ్తున్న మూలికల కొట్లో నాడి చూసే చియు దగ్గర మొరపెట్టుకుంది. తొక్కేవాళ్లు లేనప్పుడు తాగి ఏం లాభమంది. సగం కషాయం పారబోస్తున్నానని కూడా చెప్పేసింది. చియు పడుచుపిల్ల, నవ్వి ఊరుకుంది.

రెండు రోజులకు ఎవరో పెద్దాయన ఆ దారిన వచ్చాడు. తెల్ల గడ్డం, గుడ్డ చెప్పులు. పిప్పిని చూసి కూడా తప్పుకోలేదు. రెండు కాళ్లతో కసాపిసా తొక్కి, కూనిరాగం తీస్తూ వెళ్లిపోయాడు.

పాపం, వెర్రిబాగులవాడు అనుకుంది గ్వీఫెన్. ఆ పూట కషాయం చుక్క మిగల్చకుండా తాగింది.

ఆయన రోజూ వచ్చాడు. సందు సందంతా ఆయన్ని చూసి నవ్వింది. అందరితో పాటు గ్వీఫెన్ కూడా నవ్వింది. చియు నేర్పిన కాళ్ల కసరత్తు మళ్లీ మొదలుపెట్టింది. మోకాళ్లు మెల్లగా మాట వినసాగాయి.

ఒకరోజు ఆయన కుంటుతూ వచ్చాడు.

గ్వీఫెన్ గుండె జారిపోయింది. తన నొప్పి ఆయనకు అంటుకుందన్నమాట. గడప దాటి ఒక్క పరుగున వెళ్లి అడ్డం నిలబడింది.

"తొక్కకండి అన్నగారూ. అది నా మోకాళ్ల నొప్పి. తెలియక తొక్కుతున్నారు."

"తెలుసులేమ్మా. చెప్పులో రాయి పడింది, అంతే." ఆయన చెప్పు విప్పి దులుపుకున్నాడు. "అయినా ఇంత పరుగెత్తుకొచ్చావే, నొప్పి ఉన్న మోకాళ్లు ఏవీ?"

గ్వీఫెన్ తన కాళ్ల వంక చూసుకుని తెల్లబోయింది. ఆయన పిప్పిని తొక్కి మరీ వెళ్లాడు.

మర్నాటి నుంచి మళ్లీ రాలేదు.

పండుగనాడు ముందు వరుసలో గ్వీఫెనే ఆడింది. లువో వెనక వరుసలో మూతి ముడుచుకుని ఆడింది.

కానీ గ్వీఫెన్‌కు మనసు మనసులో లేదు. పేరైనా అడగలేదు, పైపెచ్చు వెర్రివాడని నవ్వింది. పండుగ రొట్టెలు పట్టుకుని సందులన్నీ తిరిగింది. ఆయనెవరో ఎవరికీ తెలియదు. చివరికి చియు దగ్గర కూలబడి, ఆయన ఏ మంచాన పడ్డాడోనని కళ్లు తుడుచుకుంది.

చియు కాసిని వేడినీళ్లు చేతికిచ్చింది.

"ఆయనకేం పెద్దమ్మా, గుండ్రాయిలా ఉన్నారు. వంతెన అవతల ఒకాయన పిప్పి ఎవరూ తొక్కడం లేదంటే పొద్దున్నే అటు వెళ్లారు. ఈ కొట్టు పెట్టి ఇన్నేళ్లు వైద్యం చేసినవారు కదా, రోగిని సగంలో వదిలేయడం మా మామగారికి చేతకాదు."