ఒక్క అడుగు పక్కకి

"నన్ను మళ్ళీ నోస్‌లో పెట్టారంటే నా స్కాలర్‌షిప్ అటకెక్కినట్టే, కోచ్," అన్నాడు లామార్.

అమెరికన్ ఫుట్‌బాల్ ఆట మొదలవడానికి పావుగంటే ఉంది. కోచ్ మెక్‌నట్ బోర్డు మీద గీస్తున్న గీత ఆపలేదు. నోస్ అంటే అవతలి జట్టు సెంటర్‌కి ముక్కుకి ముక్కు ఎదురుగా కాచుకునే చోటు. సెంటర్ కాళ్ళ సందులోంచి బంతి వెనక్కి అందించీ అందించగానే వాడూ, వాడి పక్కవాడూ కలిసి మీద పడతారు. ఆ ఇద్దరినీ అంగుళం కదలనివ్వకుండా ఆపాలి. అంతే పని. బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ణి పడగొట్టే భాగ్యం వెనకాల నిలబడ్డ జారెట్‌ది. మైకులో మోగే పేరూ జారెట్‌దే.

అదే ఒక్క అడుగు పక్కకి జరిగి అవతలివాళ్ళిద్దరి మధ్య సందులో నిలబడితే కథ వేరు. అక్కడ అడ్డొచ్చేది సాధారణంగా ఒక్కడే. వాణ్ణి తప్పించుకుంటే ఎదురుగా ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్. బంతి విసిరేలోపు వాణ్ణి మట్టి కరిపిస్తే దాన్ని శాక్ అంటారు, ఊరు ఊరంతా లేచి నిలబడుతుంది. హైస్కూల్ జట్టుకి మూడేళ్ళుగా ఆడుతున్న లామార్ ఖాతాలో శాక్ ఒక్కటీ లేదు.

పైగా ఇవాళ గ్యాలరీలో ఎర్ర టోపీ పెట్టుకుని, ఆటగాళ్ళని ఏరుకోడానికి వచ్చిన యూనివర్సిటీ స్కౌట్ కూర్చున్నాడు. ఆయన కళ్ళలో పడకపోతే వచ్చే ఆగస్టుకి లామార్ కాలేజీలో ఉండడు, కోళ్ళ ఫ్యాక్టరీలో మేనమామ పక్కన నిలబడి కోళ్ళు కోస్తుంటాడు.

"ఒరేయ్, రెండొందల తొంభై పౌన్లున్నావు. దేవుడు నిన్ను సందుల్లో దూరడానికి పుట్టించలేదు," అన్నాడు కోచ్. "వాళ్ళ సెంటర్ హోయ్ట్‌ని చూశావా? కొండలా ఉన్నాడు. వాడి ముందు నిన్ను కాక ఇంకెవణ్ణి పెట్టను?"

ఆట మొదలవగానే లామార్ మూతి ముడుచుకుని వెళ్ళి హోయ్ట్ ఎదురుగా వంగాడు.

"నడివీధిలో లారీ ఆపినట్టు ఆపావేంట్రా, పక్కకి జరుగు," అన్నాడు హోయ్ట్.

"నీకు చేతనైతే నెట్టుకో," అన్నాడు లామార్.

హోయ్ట్ నెట్టాడు. పక్కవాణ్ణి కలుపుకుని నెట్టాడు. లారీ కదల్లేదు. మొదటి సగమంతా మధ్యలోంచి ఒక్కడూ పోలేకపోయాడు. మైకులో జారెట్ పేరు పదకొండుసార్లు మోగింది. లామార్ పేరు ఒక్కసారీ వినపడలేదు.

విరామంలో లామార్ మళ్ళీ కోచ్‌ని పట్టుకున్నాడు. స్కౌటు చూస్తున్నాడు, ఒక్క క్వార్టర్, అంటే పావు ఆట, సందులో ఆడనివ్వమని కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఏడు పాయింట్లు ముందున్నాం కదా అని కోచ్ మనసు కరిగి, నోస్‌లో డ్వైట్‌ని నిలబెట్టాడు.

అవతలివాళ్ళు మూడోసారి బంతి అందుకోగానే లామార్ సందులోంచి దూసుకెళ్ళి క్వార్టర్‌బ్యాక్‌ని ఎత్తి కూలేశాడు. మైకులో "లామార్ గుడ్‌లో" అని వాడి పూర్తి పేరు మోగింది. బ్యాండు వాయించారు. వాళ్ళమ్మ కూర్చున్న బెంచీ ఎక్కి గంతులేసింది. లామార్ గ్యాలరీ వైపు చూశాడు గానీ, జనమంతా లేచి నిలబడ్డంతో ఎర్ర టోపీ ఎక్కడుందో తెలియలేదు. చూసే ఉంటాడు, చూడక ఎక్కడికి పోతాడు అనుకున్నాడు.

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. మధ్యలో లారీ లేదని అవతలివాళ్ళు పసిగట్టారు. వరసపెట్టి అటే పరిగెత్తారు. హోయ్ట్ ప్రతిసారీ డ్వైట్‌ని పరుపు మడతపెట్టినట్టు మడతపెట్టి పక్కన పడేశాడు. క్వార్టర్ ముగిసేసరికి ఏడు పాయింట్ల ఆధిక్యం ఒకటికి దిగింది. డ్వైట్ నోట్లోంచి గడ్డిపరకలు ఉమ్ముకుంటూ కుంటుకుంటూ బయటికొచ్చాడు.

లామార్ తనే వెళ్ళి కోచ్ ముందు నిలబడ్డాడు. "నోస్‌లోకి నేనే పోతాను."

"స్కౌటు ఉన్నాడన్నావు?"

"ఉంటే ఉన్నాడు. నా మూలంగా ఓడిపోతే సోమవారం డ్వైట్ మొహం ఎలా చూడను?"

కోచ్ వాడి హెల్మెట్ మీద గట్టిగా ఒక్కటి చరిచాడు.

"వచ్చావా? ఇంటికెళ్ళి పడుకున్నావనుకున్నా," అన్నాడు హోయ్ట్.

"దారి తప్పి పక్కవీధిలోకి పోయా," అన్నాడు లామార్.

ఆఖరిసారి బంతి అందుకునే వంతు. అవతలివాళ్ళు ఇంకో రెండు గజాలు వచ్చి గీత దాటితే గెలిచినట్టే. హోయ్ట్, వాడి పక్కవాడు ఇద్దరూ శక్తంతా కూడగట్టుకుని లామార్ మీద పడ్డారు. వాడి బూట్లు మట్టిలోకి దిగాయి గానీ మనిషి వెనక్కి పోలేదు. బంతి పట్టుకున్నవాడికి దారి దొరక్క తడబడుతుంటే జారెట్ వచ్చి పడగొట్టాడు. ఒక్క పాయింటుతో గెలిచారు. మైకులో జారెట్ పేరు. జనం భుజాల మీద జారెట్.

లామార్ బెంచీ మీద కూలబడి బూట్లు విప్పుకుంటున్నాడు. గెలిచినందుకు సంతోషంగానే ఉంది, ఎందుకో కళ్ళు మాత్రం చెమర్చాయి. తలెత్తేసరికి ఎదురుగా ఎర్ర టోపీ.

"జారెట్ అడుగో, అక్కడున్నాడు సార్," అన్నాడు మర్యాదగా వేలు చూపిస్తూ.

"అతనెవరు?" అన్నాడు స్కౌట్. "నేనసలు మీ జట్టుని చూడ్డానికి రాలేదు బాబూ. వాళ్ళ సెంటర్ హోయ్ట్ కోసం వచ్చాను. అతని మీదే కళ్ళు పెట్టుకుని కూర్చుంటే అడ్డంగా నువ్వే కనిపించావు. అతన్ని అలా నిలేసినవాణ్ణి ఈ ఏడాది చూళ్ళేదు. వచ్చే వారం మీ అమ్మగారిని తీసుకుని మా యూనివర్సిటీకి రా, మా హెడ్ కోచ్‌తో నేను మాట్లాడతాను."

లామార్ ఒక బూటుతోనే లేచి నిలబడ్డాడు. పట్టలేని సంతోషంలో అసలు సంగతి గుర్తొచ్చింది.

"అయితే నా శాక్ కూడా చూశారన్నమాట, సార్."

"శాకా? ఎప్పుడు?" స్కౌట్ తల గోక్కున్నాడు. "మూడో క్వార్టర్లో నువ్వు పక్కకి తప్పుకున్నాక హోయ్ట్‌లో చూడ్డానికేం లేకపోయిందయ్యా, అందుకని ఉడకబెట్టిన వేరుశెనక్కాయల కోసం వెళ్ళి లైన్లో నిలబడ్డాను."