అమ్మ పాడిన అపస్వరం

ఆ బాలికల హైస్కూల్లో ఆరో తరగతిలోనే ప్రతి పిల్ల మెడకూ శ్రుతిపట్టీ కడతారు. తప్పు స్వరం పైకి రాకముందే అది గొంతులోనే సరిచేసేస్తుంది. ఇప్పుడక్కడ తుమ్ములు కూడా శ్రుతిలోనే వస్తున్నాయి. పిల్లలు పోట్లాడుకుంటే పక్కవీధివాళ్లు కచేరీ అనుకుని చాపలేసుకుని కూర్చుంటున్నారు.

పదో తరగతి నీలవేణి సంగీతం టీచరు భ్రమరాంబ దగ్గరికి వచ్చింది.

"మేడం, ఈ పట్టీ తీసెయ్యండి. అమ్మ పోయి నెలైంది. అమ్మ పాట వింటేగానీ చెల్లి అన్నం ముట్టట్లేదు. అమ్మేమో చివర్లో అపస్వరం పాడేది. నేనెంత తప్పు పాడదామన్నా రావట్లేదు."

"తప్పు పాడ్డానికి పర్మిషనేంటే, పిచ్చిపిల్లా!" అంటూనే భ్రమరాంబ పట్టీ విప్పేసింది.

నీలవేణి ఇంటికెళ్లి చెల్లిని ఒళ్లో కూర్చోబెట్టుకుని పాడింది. పట్టీ లేకపోయినా చివరి స్వరం దగ్గర గొంతు ఇసుమంతైనా జారలేదు. మళ్లీ పాడింది. గొంతు బొంగురుపోయేదాకా పాడింది. స్వరం మాత్రం తప్పలేదు.

చెల్లి చిన్న అరచేత్తో అక్క నోరు మూసింది.

"చాల్లే అక్కా. నువ్వు చాలా బాగా పాడుతున్నావు."