ఎర్ర గొడుగు లెక్క

"మీవాళ్ళు ఎంతమంది వచ్చారు?" అడిగాడు ఎంపీ.

"కిటికీలోంచి చూడండి సార్, వస్తూనే ఉన్నారు," అన్నాడు దర్జీ.

దర్జీ పుట్టిన దేశంలో తమవాళ్ళ బడులు మూసేస్తున్నారు. ఈ దేశపు సభలో ఆ మాట ఎత్తమని అడగడానికి వచ్చాడు. తోడొచ్చింది పన్నెండు మందే. జనం ఎక్కువ కనబడాలని, వాళ్ళనే ఆఫీసు చుట్టూ తిరగమన్నాడు.

ఎంపీ కిటికీ వదల్లేదు. "ఆ ఎర్ర గొడుగు పెద్దావిడ నాలుగుసార్లు వెళ్ళింది."

గుర్తుపట్టేస్తారు, గొడుగు తేవద్దని దర్జీ ఆవిడకి చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. "మా మేనత్త సార్," అని నీళ్ళు నమిలాడు.

"కుంటుతోంది కూడా. తీసుకొచ్చి కూర్చోబెట్టండి."

దర్జీ ఒక్క పరుగున కిందికెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "దొరికిపోయాం అత్తా. ఇక చాలు, రా."

మేనత్త చెయ్యి విడిపించుకుంది. "అక్కడ మన వీధిలో వాళ్ళు నోరెత్తలేరుగా. ఇంటికో చుట్టు తిరుగుతున్నా. ఇంకా ముప్పై ఆరు ఇళ్ళున్నాయి."

"మరి ఈ గొడుగెందుకు?"

"ఇది లేకపోతే ఎంపీగారు లెక్కపెట్టుకునేదెలారా?"