అమ్మ అడిగిన అన్నం

"ఇది ఇల్లా, కల్యాణమండపమా?" అంది వనజాక్షి చెవులు మూసుకుని.

హాల్లో రెండు మూలలా కొత్త స్పీకర్లు నేలమీద కూర్చుని మోగుతున్నాయి. గోడలు అదురుతాయని చెప్పి అమ్మాడు షాపువాడు. అన్న మాట నిలబెట్టుకున్నాడు.

ఆమె భర్త మునిరాజుకు తిరుత్తణిలో బట్టల కొట్టు. పాటల పిచ్చి లేదు. ఆ స్పీకర్లు కొన్నది అమ్మ మాట కోసం.

పోయే ముందు ఆస్పత్రి నుంచి అమ్మ సుందరవల్లి పంపిన వాయిస్ మెసేజ్ అది. ఫోన్‌లో వింటే గరగర. స్పీకర్లలో వింటే ఒకటే మోత. ఎట్లా విన్నా "అన్నం" అన్న ఒక్క మాటే తెలిసేది.

ఆకలితో పోయింది అమ్మ! ఆ దిగులుతో మునిరాజుకు ముద్ద గొంతు దిగడం లేదు.

"తమ్ముడూ!"

గుమ్మంలో ఎవరో తల నెరిసిన మనిషి.

"వీధిన పోతా గొంతు ఇని నిలబడినా. పెట్టెల్ని నేలమీద, మూలకు తోసి పెడితే మోతే గానీ మాట ఇనబడదు."

"నీకెట్ల తెలుసు?"

"పెండ్లిండ్లకు మైక్‌సెట్టు కట్టేవాణ్ణి."

అడక్కుండానే లోపలికొచ్చాడు. రెండు స్టూళ్ళు లాగి వాటిమీద స్పీకర్లు ఎక్కించాడు. గోడకు దూరంగా జరిపాడు. సోఫాలో కూర్చుని, చెవుల ఎత్తుకు వచ్చాయో లేదో చూసుకున్నాడు. మళ్ళీ లేచి రెంటినీ కాస్త సోఫా వైపు తిప్పాడు.

"యారో ఎన్నమో! ఎవరో ఏందో, దొంగతనానికి ఇల్లు చూసిపోను వచ్చినాడేమో," వనజాక్షి భర్త చెవిలో గొణిగింది.

"ఇప్పుడు పెట్టు తమ్ముడూ. నేనూ ఒక్కతూరి ఇంటా."

మునిరాజు ముఖం ముడుచుకున్నాడు. "అది మా అమ్మ గొంతు. దోవన పోయేవాళ్ళకంతా ఇనిపించేది కాదు. ఇంతకూ నీ పేరేమి?"

"వేలాయుధం."

"మంచిది. పోయిరాన్నా."

'అన్నా' అన్న పిలుపుకు ఆయన ఆగాడు. ఏదో చెప్పబోయాడు. చెప్పకుండానే చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

తలుపు గడియ పెట్టి మునిరాజు మెసేజ్ నొక్కాడు.

మోత లేదు. అమ్మ ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టే ఉంది.

"మునీ... అన్న... నీ అన్నరా..."

అన్నం కాదు!

మునిరాజు స్పీకర్ల దగ్గరికి జరిగాడు.

"నీకు ముందు పుట్టినోడు... పసిబిడ్డప్పుడే పెంపుకిచ్చేస్తిమి. నీకు చెప్పకుండా దాచిపెడితి. ఒక్కతూరి ఇంటికి పిలిపించు నాయనా... నా వేలాయుధాన్ని."