చూరు చివర పిచ్చుక

దగ్గరికి జరగండమ్మా, పిల్లల తల్లి కథ ఇది. దేవుడి దయవల్ల ఒక లోగిలి చూరుకు పక్షుల కోసం వరికంకుల కుచ్చు వేలాడేది. మగడు పోయిన పిచ్చుక దాంతోనే పిల్లల్ని సాకేది. కళ్లు మాత్రం ఎప్పుడూ ఏటి అవతలి చేల మీదే.

"రేపటి నుంచి చేనుకి పోతాను మామా," అంది ఆ కుచ్చుకు కాపలా ఉండే కాకితో.

"పోతే ఇక కుచ్చు ముట్టకూడదు."

"చేను అలవాటయ్యేదాకా పిల్లల్ని మటుకైనా తిననీ మామా!"

"అబ్బో! ఎగిరి తెచ్చుకునేదానికి కుచ్చు దేనికే? కట్టుబాటు కట్టుబాటే."

తెల్లారి పిచ్చుక చూరు చివర రెక్కలు విప్పింది. వెనక పిల్లలు ఆకలితో నోళ్లు తెరిచాయి. రెక్కలు ముడిచి, మళ్లీ కుచ్చు దగ్గరికే వచ్చింది తల్లి.

"అమ్మా, ఏటి అవతల గింజలు ఎలా ఉంటాయే?"

"పాలు కారుతుంటాయట నాన్నా," అంది పిచ్చుక.